మేస్త్రిగారి ఎలుకలు

మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు నేనెలా ఉన్నానన్న ప్రశ్నలే. బాగానే ఉన్నాను. గది తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. నువ్వు చూస్తే ముందు ఆ తలుపు చట్రం వంకరగా ఉందని పేచీ పెట్టేవాడివి. లాండ్రీలో పని ఇచ్చారు, దుప్పట్లు మడతపెడుతున్నాను. నెలకి రెండు ఉత్తరాలు రాయనిస్తారు. పోయేవైనా వచ్చేవైనా ఇక్కడి ఆఫీసరమ్మ చదివి ముద్ర వేశాకే కదులుతాయి. నా సంగతి ఇంతటితో సరి. ఉన్న కాగితం దానికే ఖర్చు చెయ్యను.

ఎలుకల సంగతి రాయి. "అవి కూడా బాగానే ఉన్నాయి" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నావు. ఎలుకలు మూడున్నాయి. మూడింటికీ కలిపి ఒక్క వాక్యమేనా?

"జైలుకి పోతూ పోతూ మన నెత్తిన ఎలుకల్ని పెట్టిపోయింది" అని నీ భార్య అంటోందని రాశావు. అనదూ మరి! ఆ స్థానంలో నేనున్నా అంటాను. ఇక్కణ్ణుంచి తనకి చదివి వినిపించు. అమ్మాయ్, ఆ మూడూ నావి కావు. మా గోడౌన్ లోడింగ్ మేస్త్రిగారివి. నేను ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి తిప్పుతూ అద్దంలో చూసుకోకపోవడం వల్ల చనిపోయినాయనవి. ఆయన పోయిన పదో రోజున వాళ్ళావిడ ఆ గూడు తెచ్చి మెట్ల మీద పెట్టి, ఎవరైనా పట్టుకుపోండని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఎదురుగా నిలబడి తలుపు కొట్టే ధైర్యం లేక వీధి చివర నిలబడ్డదాన్ని, వెళ్ళి ఆ గూడు ఎత్తుకొచ్చేశాను. తీసుకెళ్ళింది నేనని ఆవిడకి తెలియదు.

నా శిక్ష పధ్నాలుగు నెలలు, ఒక నెల కూడా గడవలేదు. ఎలుక బతికేది రెండేళ్ళు, మహా అయితే రెండున్నర. వాటికిప్పుడు ఏడాది దాటి మూడు నెలలు. నేను బయటికి వచ్చేదాకా అవి బతకాలిరా. మూడూ కాకపోతే ఒక్కటైనా బతకాలి. ఆయన చేతుల్లో పెరిగి ఇంకా ఊపిరి తీస్తున్నవి ఆ మూడే. వాటిని నా చేతులతో ఆవిడకి అప్పజెప్పాలి. ఇది తప్ప నాకు వేరే కోరిక లేదు.

తిండి గిన్నెలో పోసి ముందు పెట్టెయ్యకు. మేస్త్రిగారు భోజనాల దగ్గర రోజూ ఈ ఎలుకల కథలే చెప్పేవారు, మేమంతా నవ్వేవాళ్ళం. "గింజలు దాచిపెట్టాలమ్మా, వాటిని వెతుక్కోనివ్వాలి. వెతకడమే వాటికి సగం భోజనం" అనేవారు. గిన్నెలో పోస్తే అయిదు నిమిషాల్లో తినేసి మిగతా రోజంతా ఊచలు కొరుక్కుంటూ కూర్చుంటాయి. ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, ఇక్కడ ఒక వారం ఉంటే తెలుస్తుంది. కాగితం ఉండల్లో గింజలు చుట్టి పెట్టు. వెడల్పాటి పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి బఠాణీలు వెయ్యి, చేపలు పట్టినట్టు చేతులతో తీసుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, తవ్వుకోవడానికి వాటికొక పెట్టె కావాలి. నువ్వు వడ్రంగివి, నీకు నేను చెప్పాలా?

చెవి చిరిగినది ముసలమ్మ. తెల్లటి ఒంటికి నల్లటి మొహం ఉన్నది మసిమూతి. బూడిదరంగుది దొంగది. వాటిని పేర్లతో పిలు.

అక్క


మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం షెడ్డులో చదువుకుని, మళ్ళీ ఇంట్లో నీ మరదలికి చదివి వినిపించాను. వింటూ వింటూ మధ్యలో లేచి వంటగదిలోకి పోయింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కాసేపాగి వెళ్ళి చూస్తే, పాత బిల్లు కాగితాలు చింపి గింజలు ఉండలు కడుతోంది. "చూస్తారేం? ఆ పిప్పరమెంటు డబ్బా ఇలా అందుకోండి" అంది. ఉండలన్నీ అందులో వేసి దాచింది.

పేర్లన్నీ వచ్చేశాయి. దొంగది నిజంగా దొంగదే. నీ మరదలి జడపిన్ను, నా పెన్సిలు ముక్క, రెండు మేకులు పట్టుకుపోయింది. మేకులు మాత్రం లాగేసుకున్నాను.

ఇక పెట్టె. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూరెడు లోతు. ఒక పక్క అద్దం బిగించాను, లోపల ఏం చేస్తున్నాయో మనకి కనబడాలని. మూలలు మేకులతో కాదు, చెక్కలో చెక్క దూర్చి కలిపాను, గోళ్ళకి ఏమీ గుచ్చుకోకుండా. చెబితే నవ్వుతావు గానీ, మా పెళ్ళికి చేసుకున్న మంచానికి కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు.

లోపల ఏం నింపాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. మట్టి వేస్తే మురికి, పురుగులు. ఈ మధ్య నాకు ఒక పెద్ద బీరువా పని వచ్చింది, మొత్తం దేవదారు చెక్క. చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతోంది, షెడ్డంతా ఒకటే సువాసన. వీధిలో పోయేవాళ్ళు ఆగి వాసన పీల్చి పోతున్నారు. ఇంత మంచి పొట్టు నా చేతికి ఎన్నేళ్ళకో ఒకసారి దొరుకుతుంది. పొయ్యిలో వెయ్యడానికి మనసు రాక మూడు సంచులు పక్కన పెట్టాను. మన మేస్త్రిగారి ఎలుకలకి అదే పరుపు, అదే తవ్వుకునే నేల. నీ మాట కోసం చూస్తాను. వద్దంటే ఆగుతాను.

వేళకి తింటున్నావా? ఈ ఒక్క ప్రశ్నకైనా జవాబు రాయి.

తమ్ముడు


మార్చి 21

తమ్ముడూ,

వద్దు. దేవదారు వద్దు. మిగతా ఉత్తరం తరవాత చదువుకో, ముందు ఆ సంచులు ఇంట్లోంచి బయట పెట్టు.

ఆ వాసనే వాటికి విషం. మనకి ఎంత హాయిగా ఉంటుందో వాటి ఊపిరితిత్తులకి అంత చేటు. మేస్త్రిగారు మొట్టమొదట పెంచిన ఎలుక అలాగే పోయింది. గోడౌన్‌లో ప్యాకింగ్ పెట్టెల పొట్టు తీసుకెళ్ళి గూట్లో పరిచారట, నెలన్నరకి అది ఊపిరాడక చచ్చిపోయింది. ఆ సంగతి చెప్పిన రోజు ఆయన భోజనం సగంలో వదిలేశారు. వాసన వేసే చెక్క ఏదీ వద్దు.

మట్టి వెయ్యి. ఎరువు, మందు కలవని ఉత్త మట్టి. దానికి సగం కొబ్బరి పీచు పొడి కలుపు. పొడిగా ఉంటే సొరంగం కూలిపోతుంది, కొంచెం తడిపి గోడల పక్కన గట్టిగా నొక్కు. ఎప్పుడూ గోడ వారనుంచే తవ్వడం మొదలుపెడతాయి. ఒక గొట్టం ముక్క అడుగున పాతిపెట్టు, దాంట్లోంచి అవతలి వైపుకి దారి చేసుకుంటాయి. దాచినదంతా ఒకే చోట ఉండకూడదు, రోజూ చోటు మార్చు. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు దొంగది అన్నిటికంటే ముందు బయటికి వస్తుంది, ముసలమ్మ వెనకాల కాపలా ఉంటుంది. మసిమూతికి తవ్వడం రాదు గానీ తవ్విన దారిలో ముందుగా దూరేది అదే.

వేళకి తింటున్నాను. సరేనా?

అక్క

(ఉత్తరం పైభాగాన ఎర్ర సిరాతో: విచారణ నిమిత్తం ఆపడమైనది. సాధారణ కుటుంబ విషయమేనని తేలిన మీదట మే 12న పంపడమైనది.)


ఏప్రిల్ 4

అక్కా,

ఆదివారం పెట్టె నింపేశాను. వాటిని అందులో వదలగానే ముందు మూడూ ఒక మూలకి పోయి ముడుచుకుని కూర్చున్నాయి. ఇంత చేస్తే వీటికి నచ్చలేదా అనుకున్నాను. పది నిమిషాలకి దొంగది ముక్కు ముందుకి చాచి ఒక గీత గీసింది. ఇక చూడు! ముందు కాళ్ళతో తోడి, వెనక కాళ్ళతో విసిరి, నా కళ్ళద్దాల మీదికి కూడా కొట్టింది. ముసలమ్మ ఎంత హుందాగా తవ్వుతుందో, కాస్త తవ్వి ఆగి మనవైపు చూస్తుంది. మసిమూతి తను తవ్వదు, వాళ్ళ గుంతల్లో దూరుతుంది.

నీ మరదలు స్టూలు వేసుకుని అద్దం ముందు కూర్చుంది. "టీవీ కంటే ఇదే నయం" అంటోంది. నీ గురించి ఆమె మనసులో ఉన్నదంతా పోయిందని అనను గానీ, చాలావరకు పోయింది.

నువ్వు చూసి ఉంటే బాగుండేది అక్కా. చూస్తావులే.

తమ్ముడు


ఏప్రిల్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. లాండ్రీలో నా పక్కన పనిచేసే ఆవిడకి కూడా చదివి వినిపించాను. "నా కళ్ళద్దాల మీదికి కూడా కొట్టింది" అన్న చోట ఇద్దరం నవ్వాం. ఇక్కడికి వచ్చాక నేను నవ్వడం అదే మొదలు.

ఒక సంగతి. ఆఫీసరమ్మ నన్ను గదికి పిలిచింది. నా ఉత్తరంలో తవ్వడాలు, దాచడాలు చూసి, ఎవరికి ఏ కబురు పంపుతున్నావని నిలదీసింది. ఎలుకలమ్మా అంటే నమ్మదే! "ఇంత వయసొచ్చినావిడ ఎలుకల గురించి రెండు పేజీలు రాస్తుందా?" అంటుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇకమీదట ఇలాంటివి రాయొద్దని గట్టిగా చెప్పింది. కాబట్టి వివరాలు రాయను. నీకు ఇదివరకే అన్నీ రాశాను కదా, ఆ ప్రకారమే చెయ్యి.

నేను చెప్పినట్టే నింపావు, సంతోషం. ఇప్పుడు దాన్ని ఇంకా నిండుగా నింపు. పిసినారితనం చెయ్యకు. లోతు ఎంత ఎక్కువుంటే వాటికి అంత పని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అందులోనే ఉండనీ, పడుకోవడానికి కూడా అందులోనే చోటు చెయ్యి. ఆయన ఇంట్లో అలాగే ఉండేవట.

నువ్వు చేసిన మంచి పనుల్లో ఇదొకటిరా. ఎప్పుడూ తిట్టడమే కదా, ఒకసారి మెచ్చుకోనీ.

అక్క


ఏప్రిల్ 27

అక్కా,

నువ్వు మెచ్చుకున్న ఉత్తరాన్ని షెడ్డులో పనిముట్ల పలక మీద అంటించాను. నీ మాట ప్రకారం మూడో సంచి కూడా కుమ్మరించి అంచుదాకా నింపేశాను. ఇప్పుడు గూటి అవసరమే లేదు, తిండి, నిద్ర అన్నీ పెట్టెలోనే. మూత కూడా చేశాను, తవ్వి విసిరింది బయట పడకుండా.

ఈ మధ్య బాగా నిద్రపోతున్నాయి. ముసలమ్మ పొద్దున ఒకసారి బయటికి వచ్చి, గింజ తీసుకుని, మళ్ళీ లోపలికి పోయి పడుకుంటుంది. అంత కష్టపడి తవ్వితే నిద్ర పట్టదా మరి. చిన్న చిన్న విషయాలు ఇంకా ఏవో ఉంటాయి, అవన్నీ రాసి నిన్ను కంగారు పెట్టను.

తమ్ముడు


మే 23

అక్కా,

ఈ ఉత్తరం రాయడం ఇది నాలుగోసారి. మూడు చింపేశాను.

మార్చి 21న నువ్వు రాసిన ఉత్తరం మే 14న నాకు చేరింది. పైన ఎర్ర సిరాతో ఆపామని రాసి ఉంది. "వద్దు" అన్న మొదటి మాట చదివి, తేదీ చూసి, ఉత్తరం చేతిలో ఉండగానే పెట్టె మూత పీకేశాను.

ముసలమ్మ అప్పటికే లేదు. మే 2న పోయింది. పేరుకి తగ్గట్టే వయసైపోయిందనుకుని, నీకు మెల్లిగా చెబుదామని దాచాను. తుమ్ములు ఏప్రిల్ మధ్యలోనే మొదలయ్యాయి. పొట్టు దుమ్ము అనుకున్నాను, ఎందుకంటే నేను కూడా పనిలో తుమ్ముతాను. మసిమూతి కళ్ళ చుట్టూ ఎర్రగా కారింది. చెయ్యి వేస్తే దాని ఒళ్ళంతా గరగరమనేది. అవే నేను రాయనన్న చిన్న చిన్న విషయాలు.

నీ ఉత్తరం చూడగానే పెట్టె బోర్లించి, ఉన్న రెండింటినీ చొక్కాలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నా చొక్కా వాసన చూసి, "దేవదారా?" అన్నాడు. మందు ఇచ్చాడు. మసిమూతి అయిదు రోజులు పోరాడి 19న పోయింది. నీ మరదలి ఒడిలో పోయింది. దొంగది బతికింది గానీ ఊపిరి తీస్తే ఈల వినిపిస్తోంది. అది ఇక పూర్తిగా తగ్గదని డాక్టరు చెప్పాడు.

వద్దంటే ఆగుతానని రాశాను కదా, మరి జవాబు రాకుండానే ఎందుకు నింపానని అడుగుతావు. నెలకి రెండే ఉత్తరాలు. ఒకటి మేస్త్రిగారి భార్యకి రాసుకుని ఉంటావు, అందుకే నాకు రాలేదనుకున్నాను. రాలేదని గుర్తు చేస్తే నీ మనసు కష్టపడుతుందని ఆ మాట ఎత్తలేదు. తరవాత నువ్వే నిండుగా నింపమని రాశావు. నీకు నచ్చిందనుకున్నాను అక్కా. నేను నీకు నచ్చే పని ఒకటి చేశాననుకున్నాను.

నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. ఊరుకోవద్దు.

తమ్ముడు


జూన్ 20

అక్కా,

నెల కావస్తోంది. నీ దగ్గర్నుంచి ఒక్క అక్షరం లేదు. ఉత్తరం మళ్ళీ ఎక్కడైనా ఆపారేమోనని మీ ఆఫీసుకి వెళ్ళి అడిగాను. నువ్వేమీ రాయలేదని చెప్పారు. నన్ను చూడటానికి నువ్వు రానన్నావని కూడా చెప్పారు.

కొత్త పెట్టెలో నువ్వు రాసినట్టే మట్టి, కొబ్బరి పీచు వేశాను. పాత పెట్టె చెక్కకి ఆ వాసన పట్టేసింది, కాల్చేశాను. దొంగది ఒక్కతే ఉంది. కొత్త ఎలుకల్ని తోడు తేవద్దు, ఈ ఊపిరితో ఇది వాటి పోట్లాటకి తట్టుకోలేదని డాక్టరు చెప్పాడు. అందుకని పగలంతా నా జేబులోనో, నీ మరదలి భుజం మీదో ఉంచుతున్నాం. పెట్టెలో వదిలితే తవ్వదు. మూల కూర్చుని మిగతా రెండూ ఎక్కడున్నాయని చూస్తున్నట్టు తల తిప్పుతుంది.

బతికే ఉన్నావని ఒక్క ముక్క రాయి, చాలు.

తమ్ముడు


జూలై 5

తమ్ముడూ,

బతికే ఉన్నాను.

నీ మీద కోపంతో ఊరుకున్నానని నువ్వు అనుకుంటున్నావు. నీ మీద నాకు కోపం లేదురా. నీ చేతిలో ఉన్న అతి మంచి వస్తువు తీసి వాటికి పెట్టావు. నువ్వు మూడో సంచి అని రాసినా అది మట్టి సంచేననుకున్నాను నేను. కాగితం తీసుకుని కూర్చున్నప్పుడల్లా నాకు "ఇంకా నిండుగా నింపు" అని నేను రాసిన అక్షరాలే కనబడ్డాయి. ఆ రోజు ఎంత హుషారుగా రాశానో! మేస్త్రిగారు పోయిన రోజు ఫోర్క్‌లిఫ్ట్ కూడా హుషారుగానే తిప్పాను. లోడు తొందరగా అయిపోయిందని, ఇంటికి పెందలాడే పోవచ్చని. చూసుకోకుండా హుషారు పడితే నా చేతిలో ఏదో ఒకటి చస్తుంది.

ఆఫీసరమ్మ నన్ను పిలిచి క్షమించమంది. నిజంగానే అంది. కుర్చీ చూపించి కూర్చోమంది కూడా. తన పని తను చేసింది. సొరంగం, కాపలా, దాచిపెట్టు అని జైల్లోంచి రాస్తే ఎవరైనా ఆపుతారు. అది తట్టలేదు నాకు. ఇన్నేళ్ళొచ్చాయి, బుర్ర లేదు.

మేస్త్రిగారి భార్యకి నేను ఒక్క అక్షరం రాయలేదు. ఏమని రాస్తాను? రాశాననుకుని నువ్వు ఊరుకున్నావంటే, నేను ఉన్నదానికంటే మంచిదాన్ననుకున్నావు.

దొంగది తవ్వకపోతే బలవంతం చెయ్యకు. నీ చెయ్యి మట్టిలో పెట్టి ఊరికే వేళ్ళు కదుపు. ఒంటరిగా తవ్వడం వాటికి అలవాటు లేదు, పక్కన ఇంకొకటి తవ్వుతోందనిపిస్తే మొదలుపెట్టవచ్చు. మేస్త్రిగారు ఇది చెప్పలేదు, నేనే అనుకుంటున్నాను. తప్పైతే మానెయ్యి. నా మాట ఇకమీదట రెండుసార్లు ఎవర్నైనా అడిగి చెయ్యి.

ఇంకా తొమ్మిది నెలలుంది. అదొక్కటి ఉంటే చాలు. అదొక్కటే అడుగుతున్నాను.

అక్క


జనవరి 18

అక్కా,

ఇన్ని నెలలుగా మనిద్దరం ఎండ, వాన, దొంగది తిండి తప్ప ఇంకేమీ రాసుకోవడం లేదు. ఈ రోజు వేరే సంగతి రాయాలి. దాచి ఒకసారి చేసిన పాపం చాలు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగళవారం షెడ్డుకి ఒకావిడ వచ్చింది. తలుపు బేరమేమో అనుకుని స్టూలు తుడిచి వేశాను. కూర్చోలేదు. "మీ అక్క దగ్గరున్న ఎలుకలు మీ ఇంట్లో ఉన్నాయంట" అంది. మేస్త్రిగారి భార్య అని నాకు అర్థమైపోయింది. గోడౌన్‌లో పనిచేసే ఎవరో ఆ రోజు వాళ్ళ మెట్ల మీంచి నువ్వు గూడు తీసుకెళ్ళడం చూశారట, ఇన్నాళ్ళకి చెప్పారు.

పెట్టె చూపించాను. "మూడుండాలి" అంది. దేవదారు సంగతి, ఉత్తరం సంగతి, అంతా చెప్పాను. ఒక్క మాట కూడా మింగలేదు. ఆవిడ నా వైపు చూడకుండా వింది. దొంగది అప్పుడు నా చేతి పక్కన తవ్వుతోంది. నువ్వు చెప్పినట్టు వేళ్ళు కదిపితే తవ్వుతుందని ముందే రాశాను కదా. ఒక గింజ పైకి తీసి, ఆయాసపడుతూ కూర్చుని తింది. ఆవిడ పెట్టె మీదికి వంగి చూసింది.

"ఇంటికి రాగానే ముందు వీటి దగ్గరికే పోయేవాడు. చెప్పులు కూడా విప్పేవాడు కాదు. నన్ను పలకరించేది ఆ తరవాతే. వీటిని చూస్తే నాకు ఒళ్ళు మండేది" అంది.

తీసుకెళ్తారా అని అడిగాను. నువ్వు ఏప్రిల్‌లో వస్తావనీ, దీన్ని నీ చేతులతో ఆవిడకి ఇవ్వాలనే ఇన్నాళ్ళూ బతుకుతున్నావనీ చెప్పాను. చెప్పి ఉండకూడదేమో, తెలియదు.

"రావద్దని చెప్పండి" అంది. "తిట్టడానికి కాదు బాబూ. శాపనార్థాలు పెట్టే ఓపిక కూడా లేదు నాకు. ఆవిడ వచ్చి మా గుమ్మంలో నిలబడి ఏడిస్తే, ఆ రోజునుంచి ఆవిడ బాధ కూడా నేనే చూసుకోవాలి. నాది నాకే చాలడం లేదు. ఎలుకతో గానీ, ఎలుక లేకుండా గానీ, రావద్దు."

ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నీళ్ళైనా తాగమని నీ మరదలు వెనకాల వెళ్ళింది గానీ ఆగలేదు.

తమ్ముడు


జనవరి 30

తమ్ముడూ,

దాచకుండా రాసినందుకు సంతోషం.

రెండు రోజులు తిండి సహించలేదు. ఆవిడ మీద కోపం వచ్చింది, చూశావా? నాకు కోపం! నేను చంపినాయన భార్య మీద! ఇంత చేస్తే కాదంటుందా అనుకున్నాను. అలా అనుకున్నాక, నేనేం చేస్తున్నానో నాకు తెలిసింది. ఆ ఎలుకల్ని అడ్డం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కుదామనుకున్నాను. చేతిలో అవి ఉంటే నా మొహాన తలుపు వెయ్యడం ఆవిడ వల్ల కాదని. ఆవిడ నాతో ఒక్క మంచి మాట అంటే నాకు నిద్ర పడుతుందని. అవి బతకాలన్నది ఆయన కోసం కాదు, ఆవిడ కోసం కాదు. నా కోసం. ఇన్ని నెలలూ నేను మీ ఇద్దరినీ హైరానా పెట్టింది నా నిద్ర కోసం.

దొంగది ఎవరికీ ఇవ్వాల్సిన వస్తువు కాదిప్పుడు. అది ఉత్త ఎలుక. ముసలిదైపోయింది, ఊపిరి ఆడటం లేదు. నేను వచ్చేదాకా బతకాలని ఇక దాన్ని అడగను. డాక్టరు ఇచ్చే మందుల్లో బాధ తగ్గించేవి ఉంటే అవి ఇవ్వు, రోజులు పొడిగించేవి వద్దు.

వెనక కాళ్ళు ఈడుస్తోందని డిసెంబరులో రాశావు. అయినా వెతుక్కోవడం ఆపొద్దు. నోటి దగ్గర పెట్టకు. గింజ దాని ముందే ఉంచి, ఒక్క వేలెడు మట్టి కప్పు. గట్టిగా నొక్కకు. ముక్కుతో తోస్తే తప్పుకోవాలి. తనే వెతికి పట్టుకున్నాననుకోనీ.

ఇది డాక్టర్ని అడిగి చెయ్యి.

అక్క


మార్చి 9

అక్కా,

డాక్టర్ని అడిగాను. సరేనన్నాడు.

అయిదు వారాలు అలాగే చేశాం. పొద్దున నేను, మధ్యాహ్నం నీ మరదలు. రోజుకి నాలుగు గింజలు, వేలెడు మట్టి. చివర్లో అర వేలెడు, తరవాత చిటికెడు. వారం కింద ఇక పళ్ళతో కొరకలేకపోతే గింజలు నానబెట్టి పెట్టాం. అప్పుడు కూడా ముందు ముక్కుతో మట్టి తోసి, దొరికాక రెండు చేతులతో పట్టుకుని, మా నుంచి దాచుకోవడానికి అటు తిరిగి తినేది. నీ మరదలు చూసి "ఇంకా మనల్ని దొంగలనే అనుకుంటోంది" అని ఏడ్చేది.

నిన్న పొద్దున మట్టి తొయ్యలేదు. ముక్కు ఆనించి ఊరుకుంది. డాక్టరు ఇంటికే వచ్చి సూది వేశాడు. నా అరచేతిలోనే ఉంది. నువ్వు వచ్చేదాకా ఉంచలేకపోయాను.

నువ్వు అడగనన్నావు గానీ నేను అడుగుతూనే ఉన్నానక్కా, రోజూ.

ఏప్రిల్ 11న పొద్దున్నే గేటు దగ్గర ఉంటాను. నీ మరదలు కూడా వస్తానంటోంది. ఆ తరవాత నువ్వు ఎక్కడికి వెళ్దామంటే అక్కడికి. మేస్త్రిగారి ఇంటికి వెళ్తానంటే కూడా నేను ఆపను, వీధి చివర నిలబడతాను.

తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న ఇచ్చారు. ఆఫీసరమ్మ తనే తెచ్చి చేతికిచ్చి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

ఏడ్చాను. మూడింటికీ కలిపి ఏడ్చాను, ఆయనకి కూడా. ఇన్నాళ్ళూ ఆయన కోసం ఏడవలేదు నేను. నా మీద నాకు జాలేసి ఏడవడమే సరిపోయింది. ఆయన ఎలా ఉండేవారో, గింజలు పంచిపెడుతున్నట్టు చేతులు తిప్పుతూ ఎలా మాట్లాడేవారో నిన్న గుర్తుకు వచ్చింది. తల వంచి ఏదో ఏరుకుంటూ నా వెనక నిలబడ్డ మనిషి మాత్రమే కాదు కదా ఆయన. అరవై ఏళ్ళు బతికిన మనిషి.

నువ్వు ఉంచలేకపోయానని రాశావు. నీ అరచేతిలో పోయింది, అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మీ ఆవిడకి చెప్పు, ఇన్నాళ్ళూ ఆమెని 'నీ భార్య' అనే అన్నాను. వచ్చాక మరదలా అని నోరారా పిలుస్తాను.

ఏప్రిల్ 11న వదులుతారట. వదిలాక ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కను, అదొక్కటి తెలుసు. పొద్దున లేవగానే ఎవరి కోసం బతకాలని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అబద్ధం రాసి నిన్ను ఊరడించను.

మేస్త్రిగారి ఇంటికి వెళ్ళను. ఆ వీధిలోకి కూడా వెళ్ళను. ఆవిడ ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకుంటాను. నేను ఆవిడకి ఇవ్వాలనుకున్నవన్నీ నేను ఎంచుకున్నవే, ఆవిడ అడిగినవి కావు. ఆవిడ నోరు తెరిచి నన్ను అడిగింది ఒక్కటే, రావద్దని. అదైనా సరిగ్గా చేస్తాను.

అక్క